ఎవరు చెప్పిరి? ఎక్కడ చెప్పిరి?
ఇతరుల మాటను మన వ్రాతలో చేర్చుకొను విధము

గత సంవత్సరము 5వ తరగతి పిల్లలను “మన బరంపురము పట్టు” అను విషయముపై ఒక పుట మించకుండ వ్యాసము వ్రాసి తెమ్మంటిని. 23 పుస్తకములు నా బల్లమీదికి వచ్చినవి. చదువ మొదలిడితిని. మూడవ పుస్తకమునకు వచ్చుసరికి, ఈ వాక్యమును ఇంతకు మునుపే చదివితినే అను అనుమానము కలిగెను. లెక్క చూడగా 11 పుస్తకములలో ఒకే పేరా ఉన్నది. అక్షరమునకు అక్షరము సరిపోయినది. ఒక చోట “నేత” అనవలసిన మాట “నీత” అని పడియుండగా ఆ తప్పు కూడ పదకొండింటిలోను చెక్కు చెదరక నిలిచినది. ఎవరింటిలోనో ఒక ఫోను తెరచిరి. దానిలో దొరికిన పేరాను ఒకరు వ్రాసికొనిరి. తక్కినవారు ఆ ఒకరిని చూచి వ్రాసికొనిరి.

పిలిచి అడిగితిని. వారి ముఖములలో తప్పు చేసితిమను జంకు లేదు. “అందులో ఉన్నదే కదా మాస్టారూ, మేం మార్చలేదు” అని ఒక బాలుడు నిబ్బరముగా చెప్పెను. ఆ మాట నన్ను కొంతసేపు ఆలోచనలో పడవేసినది. ఒకటవ తరగతి మొదలు మనము వారిచేత చేయించుచున్న పని ఏది? చూచివ్రాత. నల్లబల్లమీది మాటను మార్పు లేకుండ దించినవానికి “బాగు” అని వ్రాసి మార్కులు వేయుచున్నాము. నాలుగేండ్లు దానిని సుగుణమని నేర్పి, అయిదవ ఏట ఒక ఉదయమున దానినే దొంగతనమని కోపగించిన పిల్లవానికి ఏమి బోధపడును? వారు నేర్చినది చేసిరి. తరువాతి మెట్టు నేర్పనివారము మనము.

ఆ కట్టలోనే ఒక బాలిక పుస్తకము ఉన్నది. దానిలో ఎనిమిది వాక్యములే ఉన్నవి. పట్టునూలును నేయుటకు ముందు సోడా నీటిలో ఉడకబెట్టి జిగురు తీయుదురనియు, పడుగును వీధి పొడవున చాపి సరిచేయుదురనియు వ్రాసి, చివర “ఇది మా అమ్మమ్మ చెప్పింది” అని చేర్చినది. నేను ఆ చివరి వాక్యమును ఎర్రసిరాతో కొట్టివేసి, ప్రక్కన “ఆధారము వ్రాయవలెను” అని వ్రాసితిని. 10కి 4 మార్కులు ఇచ్చితిని.

మూడవ నాడు ఆ అమ్మమ్మగారే బడికి వచ్చిరి. మనవరాలి పుస్తకము చేత పట్టుకొని గుమ్మము దగ్గర నిలిచిరి. కూర్చుండుమనినను కూర్చుండలేదు.

“మాస్టారూ, నేను చెప్పింది తప్పా?”

“తప్పు కాదమ్మా. పుస్తకంలో ఎక్కడుందో రాయాలి కదా.”

“ఆ పుస్తకం రాసినాయన మా మగ్గం కాడికొచ్చి చూసి రాశాడా బాబూ? నేను నలభై ఏళ్లు పట్టు ఉడకేశాను.”

నాకు సమాధానము తోచలేదు. ఆ తరగతిలో ఆధారము చెప్పినది ఆ బాలిక ఒక్కతెయే. ఆధారము లేదని నేను మార్కులు తగ్గించినదియు ఆమెకే. ఆ దిద్దుబాటును మరల దిద్ది, ఆ వారము నుండి ఈ పాఠమును చిన్న తరగతులకు చెప్పుచున్నాను. ఏమి చెప్పితినో, ఎచ్చట తడబడితినో పిల్లలకును వారి తల్లిదండ్రులకును తెలియుటకై ఈ వ్యాసము వ్రాయుచున్నాను.

ఇతరుల మాట మన వ్రాతలోనికి రెండు దారులలో వచ్చును. మొదటిది, వారి మాటను ఉన్నది ఉన్నట్లు తీసికొని రెండు గుర్తుల నడుమ ఉంచుట. దీనిని ఉట్టంకించుట అందురు. ఉటంకింపు అనియు వాడుక. టంకమనగా రాయి చెక్కు ఉలి. రాతిమీద చెక్కిన అక్షరమును మార్చుటకు వీలులేనట్లే, ఉట్టంకించిన మాటలో ఒక అక్షరమైనను మార్చుటకు మనకు హక్కు లేదు. రెండవది, వారి భావమును గ్రహించి మన మాటలలో చెప్పుట. ఏ దారిన వచ్చినను, ఆ మాట ఎవరిదో, ఎక్కడిదో తెలుపుట మన విధి. అట్లు తెలుపబడు మూలమును ఆకరము అందురు.

ఇదంతయు విదేశముల విశ్వవిద్యాలయములనుండి దిగివచ్చిన పద్ధతి యనియు, చిన్నపిల్లలకు భారమనియు కొందరు మిత్రులు నాతో అనిరి. నేనట్లు తలపను. మూడేండ్ల తెలుగు బిడ్డకు ఈ విద్య సగము వచ్చియే యున్నది. “నాన్న రమ్మన్నాడు” అను బిడ్డ తన మాటకు ఆకరము చెప్పుచున్నది. “ఛత్రపురంలో వాన పడింది” అనుటకును “ఛత్రపురంలో వాన పడిందట” అనుటకును భేదము ఆ బిడ్డకు తెలియును. మొదటిది తాను చూచినది, రెండవది విన్నది. ఆ ఒక్క “ట” అక్షరము ఎంత పని చేయుచున్నదో చూడుడు. ఇది నా కన్ను కాదు, మరియొకరి నోరు అని అది ఒప్పుకొనుచున్నది. ఇట్టి భేదమును తెలుపుటకు అనేక భాషలలో వేరుగా వాక్యమును కూర్చుకొనవలసి వచ్చును. మనకు ఒక ప్రత్యయముతో పని జరుగును. అయితే “అట” విన్నమాట అని మాత్రమే చెప్పును. ఎవరు చెప్పిరో చెప్పదు. ఆ లోటును పూరించుటయే బడిలో నేర్పవలసిన మిగిలిన సగము.

“అని” అను మాటయు అట్టిదే. అది “అను” ధాతువునుండి పుట్టినది. “పలికి” అని దాని అర్థము. వ్రాతలో ఉద్ధరణ చిహ్నములు రాకమునుపు, తాళపత్రములపై విరామచిహ్నము లేని కాలమున, ఒకని మాట ఎచ్చట ముగిసినదో చదువరికి చూపినది ఈ “అని” యే. మన పిల్లలు వీధిలో ఒడియా మాటలాడుదురు కనుక వారికి మరియొక సంగతి చూపుదును. “సే ఆసిబ బోలి కహిలా” అను ఒడియా వాక్యములో “బోలి” అను మాట మన “అని” చేయు పనినే చేయుచున్నది. అదియు పలుకుటకు సంబంధించిన మాటయే. వేరు వేరు కుటుంబములకు చెందిన రెండు భాషలు ఇంత చేరువగా ఒకే ఉపాయమును వాడుకొనుట చూచి, రెండును తెలిసిన మన పిల్లల కన్నులు మెరయును. రెండు భాషల నడుమ నలిగిపోవుచున్నారని మన పిల్లలను గూర్చి జాలిపడువారు కలరు. ఈ పాఠము చెప్పునప్పుడు నాకు ఆ జాలి కలుగదు.

ఇచ్చట ఒక వ్యాకరణ విషయమున పిల్లలు తరచు తప్పుచుందురు. రాముడు “నేను రేపు గోపాలపురము వెళ్లెదను” అనెను. ఇది ఉట్టంకింపు. దీనినే మన మాటలో చెప్పునప్పుడు, రాముడు తాను మరునాడు గోపాలపురము వెళ్లెదనని చెప్పెను అందుము. “నేను” పోయి “తాను” వచ్చినది. “రేపు” పోయి “మరునాడు” వచ్చినది. పిల్లలు గుర్తులు పెట్టి, లోపల “తాను మరునాడు” అని వ్రాయుదురు. రాముడు “తాను” అనలేదు కదా! గుర్తుల నడుమ రాముని నోటిమాట తప్ప మన మాట ఉండరాదు. ఈ ఒక్క తప్పును దిద్దుటకు నాకు రెండు వారములు పట్టినది. ఇప్పటికిని పూర్తిగా పోలేదు.

పెద్ద తరగతుల పిల్లలకు ఈ విద్య మరియొక పేరుతో పరిచితమే. పరీక్షలలో సందర్భసహిత వ్యాఖ్య వ్రాయుదురు గదా. ఈ వాక్యము ఏ పాఠములోనిది, ఆ పాఠము ఏ కవి రచించిన ఏ గ్రంథమునుండి గ్రహింపబడినది, ఎవరు ఎవరితో ఏ సమయమున పలికిరి, దాని భావమేమి అని క్రమముగా వ్రాయుదురు. ఆకరమును తెలుపుట యనగా ఇంతకంటె వేరు కాదు. పద్యమునకు తాత్పర్యము వ్రాయుటయు భావమును సొంత మాటలలో చెప్పుటయే. కాని మన దౌర్భాగ్యమేమనగా, తాత్పర్యమును కూడ గైడు పుస్తకమునుండి కంఠస్థము చేయించుచున్నాము. సొంత మాటలలో చెప్పవలసిన దానిని పరుల మాటలలో చెప్పి పదికి పది మార్కులు పొందుచున్నారు. ఈ తప్పులో ఉపాధ్యాయుల పాలు ఎక్కువ. నా పాలును కలదు.

ఇక తరగతిలో చేయించిన అభ్యాసము. ఎవరి గ్రంథమునో తీసికొనక, ఈ పాఠము కొరకు నేనే ఒక చిన్న పేరా కూర్చితిని. అది యిది: “జౌగడ శాసనము గంజాం జిల్లాలో ఋషికుల్యా నది ఒడ్డున, పురుషోత్తమపురమునకు దగ్గరగా, కొండరాతిపై చెక్కబడియున్నది. అశోకుడు క్రీ.పూ. 3వ శతాబ్దమున దీనిని చెక్కించెను. భాష ప్రాకృతము, లిపి బ్రాహ్మి. అశోకుని ప్రధాన శిలాశాసనములలో 11, 12, 13 సంఖ్యలవి ఇక్కడ లేవు. వానికి బదులుగా రెండు ప్రత్యేక శాసనములు కలవు.”

దీనిని సొంత మాటలలో వ్రాయుమనగా మొదట వచ్చిన సమాధానము ఇట్లున్నది: “జౌగడ శాసనము గంజాం జిల్లాలో ఋషికుల్యా నదీ తీరమున, పురుషోత్తమపురమునకు సమీపమున, కొండరాతిమీద మలచబడియున్నది.” ఒడ్డు తీరమైనది, దగ్గర సమీపమైనది, చెక్కుట మలచుట అయినది. వాక్యము ఎముకల గూడు కదలలేదు. నిఘంటువు తెలిసిన పిల్లవాని పని యిది. విషయము తెలిసిన పిల్లవాని పని కాదు. మాటకు మాట మార్చుట ప్రతిపదార్థమగును గాని తాత్పర్యము కానేరదు.

తరువాత పద్ధతి మార్చితిని. పేరాను రెండుమార్లు చదివి పుస్తకము మూయుమంటిని. ప్రక్కనున్న తోటివానికి, తెలిసిన సంగతిని నోటితో చెప్పుమంటిని. నోటితో చెప్పునప్పుడు “చెక్కబడియున్నది” అను మాట ఏ పిల్లవాని నోటను రాదు. “మన జిల్లాలోనే ఋషికుల్య పక్కన ఒక కొండ ఉంది, దానిమీద అశోకుడు రాయించాడు” అని వచ్చును. అట్లు చెప్పిన తరువాతనే వ్రాయుమంటిని. వ్రాసిన పిమ్మట పుస్తకము తెరచి పేరులు, సంఖ్యలు సరిచూచుకొనుమంటిని. వ్రాత పొట్టిదైనది, కాని వారిదైనది.

ఒక బాలుడు చక్కగా వ్రాసి చివర “కళింగ యుద్ధము గూర్చి అశోకుడు జౌగడలో చెక్కించెను” అని చేర్చినాడు. ఆకరముగా నా పేరాను చూపినాడు. నేను ఆ మాట చెప్పితినా అని తరగతిని వెదకుమంటిని. లేదు. పైగా సంగతి దానికి విరుద్ధము. కళింగ యుద్ధమును, దానివలన అశోకునికి కలిగిన పశ్చాత్తాపమును చెప్పునది 13వ శాసనము. ఇక్కడ లేనిది అదియే. దాని బదులు చెక్కినవి సమాపా అను నగరమునందలి అధికారులను ఉద్దేశించిన ఆజ్ఞలు. ప్రజలను బిడ్డలవలె చూడవలెనను భావము వానిలో కలదు. ఓడిన దేశమున ఆ యుద్ధమును జ్ఞాపకము చేయుట ఇష్టము లేక 13వ దానిని వదలియుండునని చరిత్రకారులు ఊహింతురు. ఇది ఊహ, కొండమీద వ్రాసినది కాదు. కొండమీద ఉన్నది, చరిత్రకారుడు ఊహించినది, బాలుడు తలచినది — ఈ మూడును ఒకే వాక్యములో కలిసిపోయినచో విడదీయుట ఎవరి తరము? ఆ బాలుడు తెలిసి అబద్ధమాడలేదు. ఎక్కడనో చదివినదానిని నా నోట పెట్టినాడు. ఆకరము చూపుటకు ముందు, ఆకరమున ఆ మాట నిజముగా ఉన్నదా అని చూడవలెనను నియమము ఆ నాడు తరగతిలో పుట్టినది.

జౌగడ కొండ ఈ పాఠమునకు మరియొక విధమున సాయపడినది. అచటి ప్రత్యేక శాసనములు, దేవతలకు ప్రియుడైనవాడు ఇట్లు చెప్పుచున్నాడు అను అర్థముగల మాటలతో మొదలగును. మన జిల్లాలో మిగిలిన ప్రాచీన లేఖనమే ఎవరు చెప్పిరో మొదట తెలిపి పిమ్మట విషయమునకు దిగినది! కాని ఆ దేవతల ప్రియుడు ఎవడు? 1837లో జేమ్స్ ప్రిన్సెప్ బ్రాహ్మి లిపిని చదువగలిగెను. 1850లో వాల్టర్ ఎలియట్ జౌగడ శాసనమునకు నకలు తీసెను. అయినను ఆ బిరుదు గలవాడు అశోకుడే యని శాసనముననే స్పష్టముగా పేరు కనబడినది 1915లో, నేటి కర్ణాటకములోని మస్కి వద్ద. కనుక పిల్లలారా, ఆకరములో బిరుదో ముద్దుపేరో వ్రాసి ఊరకుండవలదు. పూర్తి పేరు వ్రాయుడు. ఒక పుస్తకములో “మా మామయ్య” అని ఆకరము వ్రాసినారు. ఎవరి మామయ్య?

మన సాహిత్యమున ఈ మర్యాద క్రొత్తది కాదు. నన్నయ భారతమును తెనిగించుచు, తనకు తోడ్పడిన నారాయణభట్టును అవతారికలో పేర్కొనెను. 15వ శతాబ్దమున మడికి సింగన పూర్వగ్రంథములనుండి నీతిపద్యములను ఏర్చి కూర్చి సకలనీతిసమ్మతమను సంకలనము చేసెను. ఏ పద్యము ఏ గ్రంథములోనిదో తెలుపుచు పోయెను. తరువాత కాలమున ఆ మూలగ్రంథములలో కొన్ని నశించినవి. ముద్రామాత్యమను కావ్యము నేడు మనకు దొరకదు. సింగన పేరు చెప్పి చేర్చిన పద్యములవలననే అట్టి కావ్యము ఒకటి యుండెనని తెలిసినది. పేరు చెప్పుటకు ఆయనకు పట్టినది ఒక మాట. దానివలన ఒక కావ్యపు జాడ నిలిచినది. వేటూరి ప్రభాకరశాస్త్రిగారు 1918లో ప్రకటించిన ప్రబంధరత్నావళియు ఇట్లే, దొరకకుండ పోయిన కావ్యముల పద్యములను పాత సంకలనములనుండి ఏరి తీసినది.

పేరు ఉన్నంతమాత్రమున నమ్మవచ్చునా అనిన, అదియు కాదు. వేమన పద్యమున మకుటము ఉండును. అది కవి చేవ్రాలు వంటిది. కాని ఆటవెలది వ్రాయగలవాడు ఎవడైనను మూడు పాదములు కూర్చి నాలుగవ పాదమున ఆ మకుటము తగిలింపవచ్చును, తగిలించిరి కూడ. అందువలననే వేమన పేరున తిరుగు పద్యములన్నియు వేమనవి యని ఏ పండితుడును ప్రమాణము చేయడు. శ్రీనాథుని పేర చెప్పుకొను చాటువుల సంగతియు అట్లే. నేడు ఫోనులలో గాంధీగారి పేరను, అబ్దుల్ కలాముగారి పేరను ఉదయము లేవగానే వచ్చి పడు సూక్తులను చూచినపుడు నాకు ఈ మకుటము జ్ఞాపకము వచ్చును. ఏ గ్రంథములో, ఏ ఉపన్యాసములో అను వివరము లేని సూక్తిని మన పాఠశాల నల్లబల్లమీద వ్రాయరాదని ఈ సంవత్సరము నియమము పెట్టుకొన్నాము. నేటి సూక్తి వ్రాయు పిల్లలకు ఇది కొంత కష్టముగానే ఉన్నది.

పాత నిఘంటువు పుట ఒకటి పిల్లలకు చూపుట మంచి పాఠము. 1852లో అచ్చయిన బ్రౌను దొర నిఘంటువును గాని, 1885 నాటి బహుజనపల్లి సీతారామాచార్యులవారి శబ్దరత్నాకరమును గాని తెరచి చూడుడు. మాటకు అర్థము చెప్పి, ఆ అర్థమున ఏ కవి ఏ కావ్యమున వాడెనో పొడి అక్షరములలో చూపుదురు. పర్వము, ఆశ్వాసము, పద్యసంఖ్య — ఇంటికి వీధి, సంఖ్య ఉన్నట్లు పద్యమునకు చిరునామా. ఎవరైనను ఆ చిరునామా పట్టుకొని పోయి తలుపు తట్టి చూచుకొనవచ్చును. నాతో ఏకీభవింపకున్నను నన్ను పరీక్షించుటకు దారి ఇచ్చుచున్నాను అను మర్యాద అందులో కలదు.

ఈ మర్యాదను మన ప్రాంతముననే ఆచరించి చూపిన మహనీయుడు గిడుగు వేంకట రామమూర్తి పంతులుగారు. 1863 ఆగస్టు 29వ తేదీన శ్రీముఖలింగము సమీపమున పర్వతాలపేటలో జన్మించి, 1880లో పర్లాకిమిడి రాజావారి పాఠశాలలో ఉపాధ్యాయులైరి. ఆనాడు పర్లాకిమిడి మద్రాసు రాజధానిలోని గంజాం జిల్లాకు చెందినది. 1936 ఏప్రిల్ 1న ఒడిశా రాష్ట్రము ఏర్పడినపుడు ఇటు చేరినది. 1992 నుండి గజపతి జిల్లాలో ఉన్నది. ఆయన పెద్ద పట్టములు గడించి వచ్చిన పరిశోధకుడు కాడు. చిన్న పిల్లలకు పాఠము చెప్పిన బడిపంతులు. ముఖలింగ దేవాలయమందలి శాసనములను చదువవలెనను పట్టుదలతో పాత లిపులను తానే నేర్చుకొనెను. గాంగరాజుల కళింగనగరము ఈ ముఖలింగమే యని వాదించునపుడు వారు తమ ఊరిమీది అభిమానమును ఆధారముగా చూపలేదు, శాసనమును చూపిరి. వాడుక భాష కొరకు పండితులతో తలపడినప్పుడును అంతే. మీరు తప్పన్న ఈ రూపము పూర్వులు వాడినదే, ఇదిగో ఇచ్చట చూడుడు అని స్థలము చూపి మాటలాడిరి. (వాడుక భాష కొరకు పోరాడినవారిని ఇట్టి పుస్తకభాషలో పొగడుచున్నందుకు నవ్వెడివారు నవ్వవచ్చును. ఆంధ్రదేశమున శిక్షణ పొందిన నాడు నాకు అబ్బిన వ్రాత యిది, ఇప్పుడు మారదు.)

కాని నా తరగతికి ముఖ్యమైనది వారు చేసిన సవర భాషా పరిశ్రమ. సవర భాషకు ఆనాడు వ్రాత లేదు. తిరుగవేసి చూచుటకు నిఘంటువు లేదు. ఆయన సవరల నోటనే ఆ భాషను నేర్చి, విన్నదానిని వ్రాసికొని, సవర పిల్లలకు బడులు పెట్టి, వాచకములు కూర్చిరి. 1931లో వారి సవర వ్యాకరణము మద్రాసులో అచ్చయినది; 1938లో సవర–ఇంగ్లీషు నిఘంటువు వెలువడినది. ఆ గ్రంథములకు ఆకరము ఏది? అడవిలో పోడు వ్యవసాయము చేసికొను, అక్షరము రాని మనుష్యుల నోరు. వ్రాసిన పుస్తకమే ఆధారమని ఆయన పట్టుపట్టియుండిన ఆ నిఘంటువు పుట్టియుండెడిది కాదు. ఇంతటి ఉదాహరణము నా చెంతనే ఉండగా, ఒక అమ్మమ్మ మాటను నేను ఎర్రసిరాతో కొట్టివేసితిని.

ఆ అమ్మమ్మగారిని మరల ఒక శనివారము తరగతికి పిలిచితిమి. పిల్లలు చుట్టును కూర్చుండి అడుగ, ఆమె చెప్పినదంతయు వ్రాసికొనిరి. పట్టు ఉడికించుట, రంగు వేయుట, ఫోడకుంభ అంచు నేయుట గూర్చి గంటసేపు చెప్పిరి. తమ పూర్వులు ఈ ఊరికి ఎట్లు వచ్చిరని ఒక బాలుడు అడిగెను. “మా తాతల తాతల్ని రాజుగారు పిలిపించారు, అప్పుడొచ్చాం” అనిరి. ఇచ్చట పిల్లలకు చిక్కు వచ్చినది. రెండును ఒకరు చెప్పినవే. రెండింటిని ఒకే తీరున వ్రాయవచ్చునా? పట్టు ఉడికించుట ఆమె చేసిన పని. దానికి ఆమె సాక్షి. వలస వచ్చుట ఆమె విన్న కథ. దానికి ఆమె శ్రోత. అది నిజము కావచ్చును; తేల్చుటకు వేరొక ఆధారము వెదకవలెను. మన బాలిక ఎవరును చెప్పకుండగనే తన పుస్తకములో మొదటిదానికి “ఉడకబెట్టుదురు” అనియు, రెండవదానికి “వచ్చిరట” అనియు వ్రాసినది. ఆ “ట” ను చూచి నేను 10కి 10 వేసితిని.

వయస్సునకు తగినట్లు ఎంత అడుగవలెనో చెప్పెదను. 3వ తరగతి బిడ్డ “ఇది నాకు ఎవరు చెప్పిరి” అను ఒక్క ప్రశ్నకు సమాధానము వ్రాసిన చాలును. 5వ తరగతిలో పుస్తకము పేరు, వ్రాసినవారి పేరు వ్రాయవలెను. పుట సంఖ్య, అచ్చయిన సంవత్సరము 6, 7 తరగతులలో నేర్పవచ్చును. అంతకు ముందే అన్నియు అడిగితిమా, పిల్లవాడు వ్యాసము మాని చిరునామాలు వ్రాయుటలో పడును. ఆ పొరపాటు నేను మొదటి నెలలో చేసితిని.

మన పిల్లలకు ప్రత్యేకముగా వచ్చు చిక్కు ఒకటి కలదు. తెలుగు పుస్తకములు మనకు ఈ ఊరిలో చాలినన్ని దొరకవు. గంజాం చరిత్ర చదువవలెనన్న పుస్తకము ఒడియాలోనో ఇంగ్లీషులోనో ఉండును. మాల్ట్‌బీ దొర వ్రాసిన 1882 నాటి గంజాం జిల్లా మాన్యువలు ఇంగ్లీషు గ్రంథము. పిల్లవాడు దానినుండి ఒక సంగతి గ్రహించి తెలుగులో వ్రాయును. భాష మారినది కనుక ఇది నా సొంతమని తలచును. ఇది పొరపాటు. మాట మనదైనను సంగతి వారిదే. “ఒడియా గ్రంథమునుండి గ్రహించితిని, తెలుగు నాది” అని వ్రాసిన ఇద్దరికిని న్యాయము జరుగును. అట్టి వాక్యమును ఉద్ధరణ చిహ్నముల నడుమ పెట్టరాదు. ఆ గ్రంథకర్త తెలుగులో పలుకలేదు కదా.

ఇక ఫోను సంగతి. దానిలో చదువవద్దని నేను చెప్పను, చెప్పినను వినరు. కాని “గూగులులో ఉన్నది” అనుట “గ్రంథాలయములో ఉన్నది” అనుట వంటిది. ఏ పుస్తకము? ఏ పుట? ఎవరు వ్రాసిరి, ఏ తేదీన చదివితిరి అని వ్రాయవలెను. అడిగినదే తడవుగా వ్యాసము వ్రాసి ఇచ్చు యంత్రములును ఇప్పుడు వచ్చినవి. వాని సమాధానము చదువుటకు నునుపుగా ఉండును. లేని పుస్తకమునకు కూడ పేరు పెట్టి చూపిన సందర్భములు కలవు. యంత్రము చూపిన పుస్తకమును పిల్లవాడు తన కంటితో చూచువరకు దానిని ఆకరముగా వ్రాయరాదు.

తల్లిదండ్రులకు ఒక మనవి. పిల్లవాడు వ్రాసిన వ్యాసము పొట్టిగా ఉన్నదని, ప్రక్కింటివాడు నాలుగు పుటలు వ్రాసెనని మీరు కోపపడుచున్నారు. దిద్దునపుడు పుటలు లెక్కించుట మేము మానితిమి, మీరును మానుడు. ఇంటిలో పిల్లవాడు ఏదైన సంగతి చెప్పినపుడు “నీకెవరు చెప్పారు?” అని నవ్వుచు అడుగుడు. కసరి అడిగిన తిట్టగును. నవ్వుచు అడిగిన పాఠమగును.

ఈ దసరా సెలవులకు 5, 6 తరగతుల పిల్లలకు ఇచ్చిన పని యిది. ఇంటిలో గాని వీధిలో గాని పెద్దవారి నొకరిని ఎన్నుకొని, వారు చేసిన పనిని గూర్చి, లేదా రెండేండ్లకొకసారి మన ఊరిలో జరుగు ఠాకురాణి యాత్రను వారు చిన్ననాడు చూచిన తీరును గూర్చి అడిగి వ్రాయవలెను. చెప్పినవారు ఏ భాషలో చెప్పిరో ఆ భాష పేరు వ్రాయవలెను. వారి మాటలలో ఒక్క వాక్యమును మాత్రము ఉన్నది ఉన్నట్లు గుర్తుల నడుమ ఉంచి, తక్కినది సొంత మాటలలో చెప్పవలెను. పుట అడుగున చెప్పినవారి పేరు, వయస్సు, వారు పుట్టిన ఊరు, విన్న తేదీ ఉండవలెను. చూచినదానిని “చూచిరి” అనియు, విన్నదానిని “అట” చేర్చియు వ్రాయవలెను. వ్రాసినదానిని చెప్పినవారికి ఒకసారి చదివి వినిపించి, వారు సరే అన్న పిమ్మట, బడి తెరచిన మొదటి సోమవారమున నా బల్లమీద ఉంచవలెను.